ముందు వరుసలో నిచ్చెన

గురువారం పొద్దున టీ కొట్లో పేపరు తిప్పుతుంటే మూడో పేజీ దగ్గర నెవిల్ ట్రాస్క్ చెయ్యి ఆగిపోయింది. సగం పేజీ నిండా ఐలిన్ డెమిర్ ఉంది. మెడలో కెమెరా, ఒంటిమీద వాళ్ళ నాన్నది కాబోలు పెద్ద కోటు, కళ్ళల్లో బెదురూ మొండితనమూ కలిసిన చూపు. పైన లావు అక్షరాలతో 'ఫొటో తీస్తే ఉగ్రవాదా?' అని వేశారు. ఫొటో బాగుంది. బాగుందని ఒప్పుకోవలసి రావడంతో నెవిల్‌కి కడుపు ఇంకాస్త మండింది.

ముప్ఫై ఏళ్ళ బట్టి లండన్ వీధుల్లో పోలీసుల్ని ఫొటోలు తీస్తున్నవాడు నెవిల్. సమ్మెలు చూశాడు, ఊరేగింపులు చూశాడు, పోలీసు గుర్రాల కాళ్ళ మధ్య పడి లేచాడు. ఎవరిదో మోచెయ్యి తగిలి ముందుపన్ను సగం విరిగింది. ఒక్క పేపరు, ఒక్కనాడైనా అతని మొహం వేయలేదు. ఈ ఐలిన్ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు. కేకు కోసేటప్పుడు ఇటు చూసి నవ్వండి అని చెప్పే రకం. ఆమెని ఒక పోలీసు ఒక్కసారి ఆపేసరికి ఊరంతా ఆమె పేరే.

"ఏంటి నెవిల్, పళ్ళు కొరుకుతూ చదువుతున్నావ్?" అన్నాడు కొట్టువాడు, వేపిన గుడ్లూ రొట్టే ఉన్న పళ్ళెం ముందు పెడుతూ.

"వాతావరణం."

"మళ్ళీ మంచు పడుతుందా?"

"పడుతుంది," అని పేపరు మడిచి దాని మీద పళ్ళెం పెట్టుకున్నాడు. గుడ్డు సొన పొంగి అంచు దాటి ఐలిన్ భుజం మీదికి కారింది. అతను తుడవలేదు.

వచ్చే సోమవారం నుంచి కొత్త చట్టం. ఉగ్రవాదులకు పనికొచ్చేలా పోలీసుల వివరాలు సేకరించినా, ప్రచురించినా, ఎవరికైనా అందించినా పదేళ్ళ దాకా జైలు. వీధిలో తీసిన ఫొటో అలాంటి వివరం అవుతుందా కాదా అన్నది చట్టంలో ఎక్కడా తేల్చలేదు. తేల్చే పని ఆ వీధిలో నిలబడ్డ పోలీసుకి వదిలేశారు. ఇంకా అమల్లోకే రాని ఆ చట్టం పేరు చెప్పి, మొన్న మంగళవారం ఒక సార్జెంట్ ఐలిన్‌ని ఆపి, కెమెరాలోని ఫొటోలన్నీ తుడిపించి, వ్యాన్ ఎక్కించాడు.

మంగళవారం ఆ వీధిలో నెవిల్ కూడా ఉన్నాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

మంచు కరిగాక నీళ్ళ గొట్టం పగిలి వీధంతా మడుగైతే, పేటలో వచ్చే చిన్న పేపరువాళ్ళు ఫొటో కావాలన్నారు. మూల మీద తన మడత నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మడుగునీ, తడిసిన గోడల్నీ ఒక్క చట్రంలోకి తెచ్చుకుంటూ ఉంటే, అవతల బస్‌స్టాప్ దగ్గర ఒక సార్జెంట్ ఇద్దరు బడి పిల్లల్ని గోడకి నిలబెట్టి సంచులు తిరగేయడం కనిపించింది. ఎదురుగా డ్రై క్లీనింగ్ కొట్లోంచి ఒకమ్మాయి కెమెరాతో బయటికొచ్చి తీయడం మొదలెట్టింది. సార్జెంట్ పెద్ద పెద్ద అంగలతో వచ్చి ఆమె కెమెరా పట్టీ గుంజాడు. ఆమె రెండు చేతులూ పైకి లేచాయి, అరచేతులు తెరుచుకుని. నెవిల్ తల ఆలోచించేలోపే వేలు దాని పని అది చేసేసింది.

ఆ తర్వాత అతను కిందికి దిగి, కెమెరా కోటు లోపల దాచుకుని, పక్క సందులోంచి వెళ్ళి దొరికిన బస్సెక్కి ఇంటికి పోయాడు. నిచ్చెన వదిలేశాడు. సాయంత్రం గుర్తొచ్చి ఆదరాబాదరాగా తిరిగి వెళ్తే అక్కడ లేదు. చెత్తబండివాళ్ళు వేసుకుపోయుంటారు అనుకున్నాడు.

మంగళవారం అతన్ని ఆపింది భయం. గురువారానికి అది భయం కాదు. ఆ ఫొటో బయటపెడితే ఐలిన్ ఇంకా పెద్దదైపోతుంది, అంతే. ఆ మాట అతను తనకి తాను కూడా మెల్లిగానే చెప్పుకున్నాడు.

*

ఆ సాయంత్రం ఫొటోగ్రాఫర్ల సంఘం పబ్బు మేడ మీద గదిలో కూడింది. తడి కోట్ల వాసన, వెనిగర్ చల్లిన బంగాళాదుంప వేపుళ్ళ వాసన. సంఘం కార్యదర్శి మోయిరా క్యాచ్‌పోల్ కుర్చీ ఎక్కి నిలబడింది. ఆవిడకి మైకు అక్కర్లేదు.

"సోమవారం పొద్దున పోలీసు ప్రధాన కార్యాలయం ముందు. అందరం కెమెరాలు తెస్తాం. ఒకడు కూడా నినాదాలివ్వక్కర్లేదు. ఎదురుగా నిలబడ్డ పోలీసుల్ని ఫొటోలు తీస్తూనే ఉంటాం. ఎంతమందిని పదేళ్ళు లోపలేస్తారో చూద్దాం. నిచ్చెనలున్నవాళ్ళు పెందలాడే తెచ్చి కంచె ముందు వరుసగా పెట్టండి. పేరు కనపడాలి."

"నిచ్చెనకి పేరెందుకు?" అడిగింది ఐలిన్. ముందు కుర్చీలో కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెకి తాగడానికి ఏం కావాలని మాటిమాటికీ అడుగుతున్నారు. నెవిల్‌ని ఎవరూ అడగలేదు.

"నిచ్చెన ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క, తల్లీ," అంది మోయిరా. "టీకి వెళ్ళనీ, ఉచ్చకి వెళ్ళనీ, ఆ చోటు వాడిదే. పక్కోడి నిచ్చెన జరిపినోడితో ఈ గదిలో ఎవడూ మాట్లాడడు."

"మరి మనిషే నిచ్చెన వదిలేసి పోతే?"

గది ఘొల్లుమంది. "పెళ్ళాన్ని వదిలేసిన వాళ్ళు నలుగురున్నారిక్కడ," అన్నాడొకడు వెనక నుంచి. "నిచ్చెన వదిలేసినోడు మాత్రం లేడు."

"నువ్వు మన ట్రాస్క్ నిచ్చెన చూడాలమ్మాయ్," అన్నాడు ఇంకొకడు. "తెల్ల టేపు మీద నల్ల అక్షరాలు, ఆ టేపు మీద మళ్ళీ టేపు. మా అమ్మ కంటే పాతది. ఏది నెవిల్, తేలేదా?"

"ఇంట్లో షెడ్డులో ఉంది," అన్నాడు నెవిల్.

ఐలిన్ తలతిప్పి అతని వంక చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత గ్లాసులోని ఐసు ముక్కల్ని స్ట్రాతో కిందికి నొక్కుతూ కూర్చుంది.

మోయిరా కుర్చీ దిగి కేసు సంగతి చెప్పింది. ఆ సార్జెంట్ పేరు కీబుల్. ఐలిన్ రెండు చేతులతో తన గుండెల మీద తోసిందని రాశాడు. పోలీసు మీద చెయ్యి చేసుకున్నట్టు కేసు. వీధిలో నిఘా కెమెరా ఆ రోజు పని చేయలేదన్నారు. బడి పిల్లలిద్దరూ భయపడి నోరు విప్పడం లేదు. వచ్చే బుధవారం కోర్టు.

"నాకు పెళ్ళిళ్ళు వేసవిలోనే," అంది ఐలిన్, ఎవరో అడిగితే. "మిగతా ఏడాదంతా బడుల్లో పిల్లల ఫొటోలే నా బతుకు. చెయ్యి చేసుకున్న కేసులో శిక్ష పడిన మనిషిని ఏ బడి గడప తొక్కనిస్తుంది?"

"ఒక్కడు చూసుంటే చాలు," అంది మోయిరా. "ఒక్క సాక్షి."

నెవిల్ బల్ల మీద బీరు గ్లాసు చేసిన తడి గుండ్రాన్ని వేలితో చెరిపాడు.

"నెవిల్, నీకో పని," అంది మోయిరా అతని భుజం మీద చరిచి. "సోమవారానికి పోస్టర్ కావాలి. ఐలిన్ ఫొటో నువ్వే తీయాలి. మొహం మీద వెలుగు ఎక్కడ పడాలో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

పుండు మీద కారం చల్లినట్టయింది. "అలాగే," అన్నాడు నెవిల్.

*

మర్నాడు డెమిర్ వాళ్ళ డ్రై క్లీనింగ్ కొట్లో అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకబారింది. ఐలిన్ నాన్న పెద్ద ఇస్త్రీ యంత్రం ముందు నిలబడి కాలితో తొక్కుతుంటే ఆవిరి బుస్సున లేస్తోంది. గోడ పొడుగునా ప్లాస్టిక్ సంచుల్లో కోట్లు వేలాడుతున్నాయి.

"కెమెరా వెంటనే తీయకండి మిస్టర్ ట్రాస్క్," అంది ఐలిన్. "అద్దానికి చెమట పడుతుంది. కాసేపు వెచ్చబడనివ్వండి."

అది నెవిల్‌కి తెలుసు. ఈమె పుట్టకముందు నుంచీ తెలుసు. ఆ 'మిస్టర్' కూడా అతనికి నచ్చలేదు. అందర్నీ పేరు పెట్టి పిలుస్తూ తననొక్కణ్ణే తాతని చేస్తోంది.

వాళ్ళమ్మ నెర్మిన్ మధ్యలో సన్నగా నొక్కుకుపోయిన చిన్న గాజు గ్లాసులో టీ తెచ్చిచ్చింది. అది తాగి, ఐలిన్‌ని కిటికీ పక్క స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి ఒకటి అడిగి తీసుకుని, వెలుగు తిరిగి మొహం మీద పడేలా కుర్చీకి వేలాడేశాడు. ఇక్కడ అతనొక పాడు పని చేయబోయాడు. దుప్పటి మరీ కిందికి జార్చాడు. కింద నుంచి వెలుగు పడితే ఎంత అందగత్తె అయినా రోగిష్టిలా కనిపిస్తుంది. అలా రెండు తీశాడు. మూడోదానికి చెయ్యి మాట వినలేదు. లేచి వెళ్ళి దుప్పటి సరిగ్గా కట్టాడు. తన చేతుల మీద తనకే కోపమొచ్చింది.

"మిమ్మల్ని ఎన్నిసార్లు ఆపారు?" అడిగింది ఐలిన్.

"లెక్క పెట్టలేదు. గడ్డం కొంచెం దించు."

"ఆపినప్పుడు మీరు చేతులెక్కడ పెట్టుకుంటారు?"

నెవిల్ కెమెరా దించాడు. "ఏంటి?"

"నాకు తెలీలేదు. పెళ్ళిళ్ళలో జనానికి నేను చెప్పేదే అది. చేతులిలా పెట్టుకోండి, అలా పెట్టుకోండి అని. ఆయన నా పట్టీ లాగేసరికి నా చేతులేం చెయ్యాలో నాకే తెలీలేదు. అందుకే పైకెత్తేశాను. సినిమాల్లో దొంగల్లాగా." నవ్వబోయి ఆపేసింది. "ఎత్తానని నేనంటాను. తోశానని ఆయనంటాడు. ఎవరి మాట నమ్ముతారు?"

"అల్లా చూశాడు," అంది నెర్మిన్, కోట్ల మధ్య నుంచి.

"అల్లాకి కోర్టు కాగితం ఎవరిస్తారమ్మా?"

"నోర్ముయ్. దేవుడితో పరాచికాలా?" నెర్మిన్ ఖాళీ గ్లాసు తీసుకుంటూ నెవిల్‌తో అంది, "అంత పెద్ద వీధి నాయనా. ఎవరో ఒకరు చూసే ఉంటారు. చూసినవాళ్ళకి ఇంట్లో ఆడపిల్లలుండరా? నిద్రెలా పడుతుందో."

ఐలిన్ కిటికీలోంచి బస్‌స్టాప్ వైపు చూస్తూ ఉంది. నెవిల్ నొక్కాడు. మొహం మీద పడిన ఆ వెలుగు, ఆ చూపు, అన్నీ కుదిరాయి. పోస్టర్‌కి ఇంతకంటే మంచి ఫొటో రాదని అతనికి తెలిసిపోయింది, తెలిసి ఒళ్ళంతా చేదయింది.

సామాను సర్దుకుని గడప దాటుతుంటే ఐలిన్ అడిగింది. "సోమవారం నిచ్చెన తెస్తారుగా?"

"నడుం నొప్పి. చూడాలి," అన్నాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో మంగళవారం ఫొటో తెరిచాడు. రోజూ తెరుస్తున్నాడు. మడుగులో తిరగబడిన ఆకాశం, గోడకి అతుక్కున్న పిల్లలు, సార్జెంట్ పిడికిట్లో పట్టీ, అతని భుజాల మీద ఏ పోలీసో తెలిపే నంబరు పట్టీలుండాల్సిన చోట ఖాళీ, వీటన్నిటి మధ్యా తెరుచుకున్న రెండు అరచేతులు. భార్య డోరీన్ వెనక నిలబడి చూసింది. బడి వంటగదిలో పని చేసి వచ్చింది, ఇంకా తలమీది జాలీ టోపీ తీయలేదు.

"ఇది నువ్వు తీసిందేనా?"

"ఊఁ."

"నువ్వు తీసినవాటిలోకల్లా ఇదే బాగుంది నెవిల్. నేను చెప్తే నమ్మవుగానీ." దగ్గరికి వంగింది. "ఈ అమ్మాయి పేపర్లో పిల్ల కదూ? మరి ఇంకా ఇవ్వలేదేం?"

"చట్టం తెలుసుగా. పోలీసు ఫొటో. పదేళ్ళు."

"నువ్వు? పదేళ్ళకి భయపడి?" డోరీన్ అతని మొహం వంక చూసి, జాలీ తీసి జేబులో పెట్టుకుంది. "మనం పెళ్ళిచేసుకున్న కొత్తలో నువ్వు మా అన్నయ్యని చూసి ఇలాగే ఉండేవాడివి. వాడికి కారుండేది."

తన బతుకులో ఒక్క గొప్ప ఫొటో పడితే, అందులోనూ ఆమే ఉంది. నెవిల్‌కి అదే మింగుడుపడలేదు. రేపు అందరూ ఆ చేతులు చూస్తారు, ఆమె పేరు చెప్పుకుంటారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో తన పేరుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

*

శనివారం నెవిల్ ఒక నిర్ణయానికొచ్చాడు. తనని కూడా ఆపాలి. ఆపితే తనూ ఐలిన్ సమానం. అప్పుడు ఆ ఫొటో ఇవ్వడానికి చెయ్యి వస్తుంది. ఇందులో పెద్ద తర్కమేమీ లేదని అతనికీ తెలుసు.

పేటలో పోలీసు స్టేషన్ ఎదుట పేవ్‌మెంటు మీద నిలబడి బాహాటంగా తీయడం మొదలెట్టాడు. వచ్చే పోలీసు, పోయే పోలీసు, వ్యాన్ల నంబర్లు, గేటు తెరిచే తీరు. పెద్ద లెన్సు పెట్టుకుని మరీ తీశాడు. ఒక కుర్ర కానిస్టేబుల్ దగ్గరికొచ్చాడు. నెవిల్ గొంతు సవరించుకున్నాడు.

"మీ సంచి దారికి అడ్డంగా ఉంది. పిల్లల బండ్లు వెళ్ళాలి," అని చెప్పి కుర్రవాడు వెళ్ళిపోయాడు.

చేతులు గడ్డకట్టేదాకా నిలబడ్డాడు. చివరికి తలుపు తెరుచుకుని సార్జెంట్ కీబులే బయటికొచ్చాడు, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో.

"కిటికీలోంచి చూస్తున్నాలే. బుర్రేమైనా తిరిగిందా నెవ్, ఈ చలిలో?" ఒక కప్పు అందించాడు. "రెండు చెంచాల చక్కెర. గుర్తుందిలే."

నెవిల్ టీ పుచ్చుకున్నాడు. వద్దనాలని తోచేలోపే పుచ్చుకున్నాడు. ఊరేగింపుల్లో, సమ్మెల్లో ఎన్నో చోట్ల ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఎన్నోసార్లు టీ తాగారు.

"నన్ను ఆపవా?" అన్నాడు, నవ్వులాటగా అన్నట్టు.

"నిన్నా? ఎందుకు? నువ్వు మావాడివి." కీబుల్ అతని లెన్సు వంక వేలు చూపించాడు. "ఆ పిల్లలాంటి వాళ్ళతోనే తలనొప్పి. కెమెరా చేతికొస్తే చాలు, పెద్ద జర్నలిస్టులమనుకుంటారు. అన్నట్టు మంగళవారం నువ్వు అటువైపు రాలేదుగా? గొట్టం పగిలింది, నువ్వొచ్చుంటావనుకున్నా."

"లేదు. రాలేదు."

"మంచిదైంది," అని కీబుల్ ఊదుకుంటూ టీ తాగాడు.

నెవిల్ చేతిలో కప్పు వెచ్చగా ఉంది. టీ బాగుంది. చక్కెర సరిగ్గా ఉంది. ఇంటికి నడుస్తుంటే దారంతా 'మావాడివి' అన్న మాట బూట్లో దూరిన గులకరాయిలా నొక్కుతూనే ఉంది.

*

సోమవారం వెళ్ళకూడదనే అనుకున్నాడు. కానీ పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు, కెమెరా తుడుచుకున్నాడు. మంగళవారం ఫొటో ఉన్న మెమరీ కార్డు కోటు లోపలి జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నావని అడిగితే చెప్పలేడు. గుమ్మంలో డోరీన్ అడగలేదు, మఫ్లరు సరిచేసి పంపింది.

పోలీసు ప్రధాన కార్యాలయం ముందు రోడ్డు ఒక పక్కంతా ఫొటోగ్రాఫర్లే. ఇనుప కంచెకి ఇటు వాళ్ళు, అటు పోలీసుల వరుస. పెద్ద పెద్ద పేపర్లవాళ్ళు, పెళ్ళిళ్ళవాళ్ళు, రైళ్ళ ఫొటోలు పిచ్చిగా తీసే ముసలివాళ్ళు కూడా వచ్చారు. తను తీసిన ఐలిన్ మొహం పోస్టర్లై ప్రతి రెండో చేతిలోనూ ఉంది. ఎటు తిరిగినా తన వెలుగు, ఆమె మొహం.

నిచ్చెన లేదు కాబట్టి వెనక వరుసలో మునివేళ్ళ మీద నిలబడ్డాడు. మోయిరా జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా? ముందుకు పో. నీ చోటు ఖాళీగా ఉంది."

"ఏం చోటు?"

"నీ నిచ్చెన ఉందిగా! ఐలిన్ అందరికంటే ముందొచ్చి పెట్టింది. నడుం నొప్పని నువ్వే ఇచ్చి పంపావట కదా."

నెవిల్ తోసుకుంటూ ముందుకు వెళ్ళాడు. కంచెని ఆనుకుని నిచ్చెనలు వరుసగా ఉన్నాయి, ప్రతిదాని మీదా ఒక మనిషి. సరిగ్గా నడిమధ్యన, అన్నిటికంటే మంచి చోట, ఒక పాత మడత నిచ్చెన ఖాళీగా ఉంది. టేపు మీద టేపు. అంత తోపులాటలోనూ దాన్ని ఒక్కరూ ఒక్క అంగుళం జరపలేదు. పక్కన ఐలిన్ నేల మీదే నిలబడి ఉంది. ఆ నిచ్చెన ఎక్కితే ఆమెకి అన్నీ కనిపించేవి. ఎక్కలేదు.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు.

"మంగళవారం స్టేషన్ నుంచి వదిలాక మా వీధి మూల మీద. మడుగు పక్కన." ఆమె అతని వంక చూడకుండానే చెప్పింది. "ఎవరిదో తెలీక కొట్లో కోట్ల వెనక పెట్టాను. గురువారం పబ్బులో తెలిసింది."

"మరి ఆ రోజే మోయిరాకి చెప్పకపోయావా? మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నన్నే అడగకపోయావా?"

"అడగాలనే అనుకున్నాను. అమ్మ మాట్లాడుతుంటే మీ మొహం చూశాను. కెమెరా చాటుకి పోయింది." భుజాలెగరేసింది. "నిచ్చెన మీద పేరుంది కదా, మనిషి తనంతట తనే వస్తాడనుకున్నాను. ఇవాళ కూడా రాకపోతే ఇక అడిగేదాన్నే. ఎల్లుండి కోర్టు, నాకంత ఓపిక లేదు."

నెవిల్ ఏదో అనబోయేంతలో కంచె అవతల నుంచి పిలుపు వినిపించింది. "నెవ్! ఓయ్ నెవ్!" సార్జెంట్ కీబుల్. పేటల్లోంచి కూడా పోలీసుల్ని రప్పించినట్టున్నారు. కంచె తలుపు కొంచెం తెరిచి పట్టుకున్నాడు. "ఇటొచ్చెయ్. లోపల్నుంచి తీసుకో. నీకొక్కడికే." పక్కనున్న కానిస్టేబుల్‌తో, అందరికీ వినపడేలా అన్నాడు, "ఈయన్ని రానియ్యి. మనవాడే."

కంచె లోపల నుంచి తీసే వీలు ఆ రోజు అక్కడ ఎవరికీ లేదు. నిచ్చెనల మీద నుంచి తలలు ఒక్కొక్కటే అతని వైపు తిరిగాయి. పెద్ద పేపర్లవాళ్ళ తలలు కూడా. ఆ చూపు ఏమిటో నెవిల్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగు రోజులుగా తను ఐలిన్‌ని చూస్తున్న చూపే అది. బతుకంతా ఎవరైనా తనని చూసి కుళ్ళుకుంటే బాగుండునని కోరుకున్నాడు. తీరా కుళ్ళుకుంటుంటే, అది కీబుల్ తెరిచి పట్టుకున్న తలుపు వల్ల. ముప్ఫై ఏళ్ళుగా తనని ఎవరూ ఎందుకు ఆపలేదో అక్కడ నిలబడి అర్థమైంది. చెరిపించాల్సిన ఫొటో తను ఎప్పుడూ తీయలేదు. తీసింది ఒక్కటే. అది జేబులో ఉంది.

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లోపలి జేబులోంచి కార్డు తీసి ఐలిన్ అరచేతిలో పెట్టాడు.

"మీ లాయరుకివ్వు. మంగళవారం. నీ రెండు చేతులూ కనిపిస్తాయి."

ఐలిన్ పిడికిలి బిగించింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచి, కార్డుని మోయిరాకి అందించింది. మోయిరా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా, అంత లావు మనిషీ జనంలోకి చేపలా జారిపోయింది. లాయరు టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

నెవిల్ నిచ్చెన ఎక్కాడు.

"సార్జెంట్!" అని అరిచాడు. "మంగళవారం నీ భుజాల మీద నంబరు పట్టీలేవీ?"

కీబుల్ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏ మంగళవారం?"

"గొట్టం పగిలిన మంగళవారం. ఈ అమ్మాయి కెమెరా పట్టీ గుంజావే, ఆ రోజు. ఈమె చేతులు గాల్లో ఉన్నాయి. నీ మీద లేవు."

"నువ్వు అక్కడ లేనన్నావ్ నెవ్."

"అబద్ధం చెప్పాను. నా నిచ్చెన అక్కడే ఉంది. నేను దాని మీదే ఉన్నాను. ఫొటో తీశాను."

కీబుల్ కంచె ఇవతలికొచ్చి తలుపు మూసేశాడు. మూసి, నిచ్చెన దగ్గరికొచ్చి, జేబులోంచి పుస్తకం తీసి, పెన్ను మూత పళ్ళతో లాగాడు. మొహం గోడలా అయిపోయింది.

"కిందికి దిగండి సర్," అన్నాడు. ఇన్నేళ్ళలో అతను నెవిల్‌ని సర్ అనడం అదే మొదలు.

"దిగను. ఇది నా చోటు."

నిచ్చెనల మీది కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. వర్షం రేకుల మీద పడ్డట్టు చిటపటమని మీటలు నొక్కిన చప్పుడు. అందరూ నెవిల్ ట్రాస్క్‌నే తీస్తున్నారు, పెద్ద పేపర్లవాళ్ళతో సహా. కోరుకున్నదంతా ఒక్కసారిగా మీదపడింది. తీరా చూస్తే చేతులెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. జేబులో పెట్టబోయాడు, తీశాడు, కెమెరాని పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు.

నిచ్చెన కదులుతూ ఉంటే ఎవరో బిగించి పట్టుకున్నట్టయి కిందికి చూశాడు. ఐలిన్ కెమెరా వీపు మీదికి తోసేసుకుని, రెండు చేతులతో నిచ్చెన కాళ్ళు పట్టుకుని ఉంది.

"తీసుకో," అన్నాడు మెల్లిగా. "ఇంత దగ్గర్నుంచి ఇంకెవరికీ దొరకదు."

"వాళ్ళందరూ తీస్తున్నారుగా. నేను వదిలితే మీరు పడిపోతారు నెవిల్."

కీబుల్ పెన్ను పుస్తకం మీద ఆన్చాడు. "మీ పేరు సర్?"

"నీకు తెలీదా?"

"పేరు చెప్పండి."

"నిచ్చెన మీద ఉంది," అన్నాడు నెవిల్.

ఐలిన్ చెయ్యి కొంచెం పక్కకి జరిపింది. కీబుల్ వంగి, టేపు మీదున్న అక్షరాలు చూసి రాసుకున్నాడు.